తీసేసిన ఏడు పాయింట్లు

హలో… ఆ, నేనే. మీ బావ ఫోనే, అక్కనే మాట్లాడుతున్నా. ఉండరా చంటీ, ఒక్క క్షణం—

ఏమండీ, తడి తువ్వాలు కుర్చీ మీద ఆరేస్తే ఆ కుర్చీలో కూర్చునేదెవరు? … ఐదు నిమిషాలా? తొమ్మిదింటికి వేశారు, ఇప్పుడు పన్నెండున్నర. … నేనేం అరవడం లేదు, నా గొంతే ఇంత. … సరే, తీసుకెళ్ళండి. ఆ బకెట్టులో బట్టలు కూడా తీసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది.

ఆ, చెప్పు. … లేరు. అంటే ఉన్నారు, బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నారు. … అవును, నీ కంపెనీ చీఫ్ డిజైనర్ గారే, మీ బావే. అలిగి బకెట్టు మొత్తం ఎత్తుకుపోయారు. ఒక్కో చొక్కాకి నాలుగేసి క్లిప్పులు పెడుతున్నారు, ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉంది. … తువ్వాలు గురించి. … తువ్వాలు గురించేరా, నవ్వకు.

ఏంటి సంగతి, ఆదివారం పూట? … రిపోర్టా. … సంతకం. … ఊఁ.

పెట్టలేదు. … పెట్టలేదంటే పెట్టలేదనే. … ఎక్కడుందా? వంటింట్లో, పై అరలో, పాత గిన్నెల వెనకాల. … ఎందుకంటే అక్కడ దాచింది నేనే కనుక. … కంగారుపడకు, నలగలేదు.

… తెలుసు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి ట్రయల్. మూడు వారాలుగా ఈ ఇంట్లో ఆ అయస్కాంతం తప్ప వేరే మాట ఉంటేగా. క్రేనుకి తగిలిస్తారు, నాలుగు టన్నుల ఉక్కు పలకని అంటించుకుని పైకి లేపుతుంది, షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి మోసుకెళ్తుంది. మీ బావ సంతకం లేనిదే క్రేను కదలదు. అంతేగా? … అంతే కదా.

అయితే ముందు నువ్వొకటి చెప్పు. ఆ ఉక్కు పట్టికలో ఎన్ని పాయింట్లుండాలి? … ఏ పట్టికేంటి. కరెంటుతో ఎంత నెడితే ఉక్కులో ఎంత అయస్కాంతం పుడుతుందో వరసగా రాసి ఉంటుందే, కంప్యూటరు దాన్ని చూసే కదా లెక్క కడుతుంది. … గుర్తులేదా? నాకు గుర్తుంది. ముప్పై ఒకటి.

ఎలా అంటే, చదివింది నేను. ఉక్కు కంపెనీవాళ్ళు పంపిన కాగితం అలుక్కుపోయినట్టు ప్రింటయింది. మీ బావకి కళ్ళజోడు పెట్టుకున్నా మూడూ ఎనిమిదీ ఒకటే. నేను ఒక్కొక్కటే చదివాను, ఆయన కంప్యూటర్లో కొట్టారు. అయ్యాక ఆయన చదివారు, నేను టిక్కులు పెట్టాను. ముప్పై ఒక్క టిక్కులు.

నీ రిపోర్టు వెనకాల అంటించిన పట్టికలో ఇరవై నాలుగే ఉన్నాయి.

… ఏడు తక్కువేంటా?

అదే నేనూ అడుగుతున్నా. మిగతా ఏడూ ఏమయ్యాయి?

… ఏం చేశావూ? … "క్లీన్" చేశావా. ఆహా. ఎంత బాగుందిరా మాట. నేనూ చేస్తాను రోజూ. చెత్త తీసి పారేస్తా, గిన్నెలు ఉంచుతా. నువ్వు గిన్నెలు పారేశావు.

పొద్దున్న బల్ల తుడుస్తుంటే కనిపించింది. రిపోర్టు, పక్కన పెన్ను, పెన్ను మూత తీసి మరీ ఉంది. ఊరికే తిరగేశాను. చివరి అంకె దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆఖరిది చదివినప్పుడు నాకు దగ్గొచ్చిందిరా, అందుకే ఆ అంకె గుర్తుంది. అది లేదు ఇక్కడ. ఎవరో నా నోట్లోంచి మాట లాక్కున్నట్టనిపించింది.

… ఇదేమన్నా ఆడవాళ్ళ గొడవా? ఇంకోసారి ఆ మాట అను చూద్దాం. … అదీ.

నాకు తెలియదనుకోకు. ఆ కంప్యూటరు ఈ భోజనాల బల్ల మీదే మూడు వారాలు కొట్టుకుంది. ఒక అంకె అనుకుంటుంది. తప్పెంతో చూసుకుంటుంది. దిద్దుకుని మళ్ళీ అనుకుంటుంది. ఆ తప్పు తగ్గుతూ తగ్గుతూ పోయి పోయి ఇంక చాలనిపించాలి, దాన్ని మీరు కన్వర్జ్ అవడం అంటారు. అవునా? మరి అది అయ్యేదా! సగం దాకా బుద్ధిగా తగ్గేది, తర్వాత అటొకసారి, ఇటొకసారి, మళ్ళీ అటు… రెండు వందల సార్లు తిరిగి ఎర్రక్షరాలు చూపించి కూర్చునేది. మేము పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం మూడు వారాలు.

ఆయన చెయ్యనిది లేదు. లెక్క కోసం కంప్యూటర్లో అయస్కాంతం బొమ్మని కోసిన ముక్కలు ఇంకా చిన్నవి చేశారు. కరెంటు ఒక్కసారిగా కాకుండా పది మెట్లుగా ఎక్కించారు. దిద్దుకునే అడుగు సగానికి తగ్గించారు. ఊహూఁ. ఆఖరికి నేనే చిన్నదాని లెక్కల పుస్తకంలోంచి గ్రాఫు కాగితం చింపి, పెన్సిలుతో ముప్పై ఒక్క చుక్కలూ పెట్టాను. … ఆ, నేనే. డిగ్రీలో ఫిజిక్సు చదివింది బట్టలు మడతపెట్టడానికి కాదు. … చిన్నది రెండు రోజులు మాట్లాడలేదు నాతో, ఆ కాగితం చింపినందుకు.

గీత పైకి లేచి, మోకాలి దగ్గర వంగి, ఆ తర్వాత దాదాపు పడుకోవాలి. ఇది ఇరవై నాలుగు దాకా చక్కగా వచ్చి, ఇరవై ఐదు దగ్గర కిందికి దిగింది. గుంట. ఎక్కువ నెడితే తక్కువ అయస్కాంతమట! వాళ్ళు రెండు చోట్ల కొలిచినవి రెండూ తెచ్చి ఒకటిగా అతికించి పంపారు, అతుకు సరిగ్గా కుదర్లేదు. కంప్యూటరు ఆ గుంటలో పడి పైకి రాలేక కొట్టుకుంటోంది. మీ బావ చూసి, "ఇన్నాళ్ళూ మెషీన్ని తిట్టాను" అన్నారు. నీకు మెయిల్ కూడా పెట్టారు, ఆ ఉక్కు ముక్క మళ్ళీ కొలిపించాలి, వారం పడుతుందని.

నువ్వేం చేశావు? అతుకు విప్పి కుట్టమంటే, అతుకు పైనున్న గుడ్డంతా కత్తిరించి పారేశావు.

… కుదిరిందిలే, ఎందుకు కుదరదు? తొమ్మిది సార్లకే కన్వర్జ్ అయింది. పచ్చక్షరాలు. ఆఫీసులో కేకు కోశారట కదా. మాకూ ఒక ముక్క వచ్చింది. తిన్నాను కూడా.

ఏంటత్తయ్యా? … తమ్ముడండీ. … బాగానే ఉన్నాడు, వాడికేం. … ఎలా చెప్పాలి… నేల తుడిచే గుడ్డ ఉందనుకోండి. నీళ్ళు పీలుస్తుంది, పీలుస్తుంది, ఒక దాకా. ఆ తర్వాత ఎన్ని పోసినా పక్కల నుంచి కారిపోతాయి కదా. ఉక్కూ అంతే. అయస్కాంతాన్ని ఒక దాకానే పట్టుకుంటుంది. ఆ "ఒక దాకా" ఎక్కడో చెప్పే అంకెల్ని వీడు తీసేశాడు. … ఆ, ఇప్పుడు వీడి ఉక్కు ఎంత పోస్తే అంత తాగుతూనే ఉంటుంది. … కంప్యూటరు నమ్మిందండీ. దానికేం తెలుసు? గీత ఆగిపోతే అదే వాలున తిన్నగా సాగదీసుకుంటూ పోతుంది.

… ఏమన్నారు?

చంటీ, అత్తయ్య అడుగుతున్నారు, ఆ పలక కింద మనుషులు నిలబడతారా అని. … నాకు కాదు, ఆవిడకి చెప్పాలి. … "మామూలుగా అయితే నిలబడరు." అత్తయ్యా, మామూలుగా అయితే నిలబడరట.

అబద్ధం. ఇద్దరు నిలబడతారు. పలక ఊగకుండా చెరో మూలా చేత్తో పట్టుకుని నడుస్తారు. ఫొటో పంపింది నువ్వే కదా. పసుపు టోపీ పెట్టుకుని ఒకాయన ఇటు చూసి నవ్వుతున్నాడు కూడా.

… పడదని నీకెలా తెలుసు? బరువుకి మూడింతలు పట్టుకోగలగాలని రూలు. నీ ఇరవై నాలుగు పాయింట్లతో మూడూ పాయింటు నాలుగు వచ్చింది, బావుంది. మరి ఆ ఏడూ ఉంటే ఎంతొస్తుంది? … "ఎవరూ రన్ చెయ్యలేదు." చెయ్యరు. ఎందుకు చేస్తారు? … ఎత్తదని నేనెప్పుడన్నాను? ఎత్తుతుంది. పలక నున్నగా ఉంటే ఎత్తుతుంది. కాస్త తుప్పున్నా, రంగు మందంగా ఉన్నా, మధ్యలో వంగినా సగం బలం పోతుందని నువ్వే కదా మా ఇంట్లో కూర్చుని గొప్పగా చెప్పావు. ఆ సగానికే కదా మూడింతలు పెట్టుకునేది.

… ఆయనకి చెప్పలేదింకా. మూడు వారాలకి మొన్న నిద్రపోయారు సరిగ్గా. తువ్వాలు మీద పోట్లాడాను, నోట్లో ఇది ఆపుకోలేక. నీ అంతట నువ్వే ఆయనకి చెప్పుకుంటే బాగుంటుందని చూస్తున్నా. మీ బావ సంగతి నీకు తెలియదు. కూరలో ఉప్పు లేదని చెప్పడానికి కూడా మొహమాటం గానీ, అంకె తప్పని తెలిస్తే మాత్రం ఆయన—

ఏంటి?

… మళ్ళీ అను.

… బావకి తెలుసా?

… గురువారం నుంచా.

ఉండు. … ఉండరా, మాట్లాడకు. ఆయన్నే అడుగుతా.

…

ఏమండీ. బకెట్టు అక్కడ పెట్టి ఇలా రండి. … తువ్వాలు గురించి కాదు. … ఆ ఏడు పాయింట్లు తీసేశారని మీకు తెలుసా?

… ఇటు చూసి చెప్పండి.

… ఎంతొచ్చింది?

… ఒకటీ పాయింటు ఎనిమిది.

విన్నావా చంటీ? ఎవరూ రన్ చెయ్యలేదన్నావు. చేశారు. గురువారం మధ్యాహ్నం గుంట సరిచేసి, ఏడూ మళ్ళీ చేర్చి, మెట్లు మెట్లుగా ఎక్కించి చేశారట. నలభై ఒక్కసార్లు తిరిగి కన్వర్జ్ అయిందట, నీ తొమ్మిదిలా పరుగెత్తకుండా. ఒకటీ పాయింటు ఎనిమిది. ఆ గుంట సరిచేసింది కూడా అంచనాయేనట, ఇంకా తక్కువే ఉండొచ్చు. దాన్ని చూసి, నీకు ఫోన్ చేసి, నువ్వేదో చెబితే ఊఁ కొట్టి, ఫైలు మూసేసి ఇంటికొచ్చారు. వచ్చి నాతో కూర బాగుందన్నారు.

… ఏంటండీ? … ఎవరి కోసం? … నా కోసమా?

అదేంటి, వాడు కూడా ఇప్పుడే అదే అంటున్నాడు. … ఒరేయ్, నువ్వు నా కోసం చేశావు. అక్క ఇల్లు బాగుండాలని, బావకి పేరు రావాలని. ఈయనేమో నా తమ్ముడన్న మొహమాటానికి నోరు మూసుకున్నారు. ఇద్దరూ భలే దొరికారు నాకు. ఆ పసుపు టోపీ ఆయన నెత్తిన పలక పడితే, అది కూడా నా కోసమేనా?

… వద్దు. నా పేరు ఎత్తొద్దు దీంట్లో. ఇద్దరూ ఎత్తొద్దు.

… కోపం కాదురా. కోపమైతే సాయంత్రానికి పోయేది. అసహ్యంగా ఉంది. నీ గొంతు వింటుంటే చెవి కడుక్కోవాలనిపిస్తోంది. ఈయన్ని చూస్తుంటే… ఈయన్ని చూడటం లేదు ప్రస్తుతానికి.

నామీద నాకూ అలాగే ఉందిలే. ఇంటర్లో నీ ల్యాబు రికార్డుకి గ్రాఫులు వేసిందెవరు? నేనే. చుక్క గీత మీద పడకపోతే "అక్కా, కాస్త జరుపు" అనేవాడివి. రబ్బరుతో చెరిపి జరిపేదాన్ని. మార్కులు పోతాయని. మేడం ప్రతిసారీ "వెరీ గుడ్" అని రాసేది. ఇవాళ నువ్వు జరపను కూడా జరపలేదు, ఏకంగా తీసేశావు. నేర్పింది నేనే. … లేదు, నువ్వేం ఓదార్చక్కర్లేదు.

చిన్నదీ, కంచాలు పెట్టవే. … నాలుగు. … ఫోనులో మామయ్యేనే. … తర్వాత మాట్లాడుదువుగాని. నాన్నమ్మకి కుర్చీ జరుపు. తుడువు ముందు, తడిగా ఉంటుంది.

ఆ, చెప్పు. వడ్డిస్తూ వింటా, భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నా ఫోను. … ఆర్డరు పోతుంది. ఆ, పోతుంది. … ముప్పై మంది ఉన్నారు. అది నిజమే. అది నేను కాదనను, నీ ఆఫీసులో ఆ ముప్పై మందినీ చూశాను, మంచివాళ్ళు. … రెండోసారి తల్లయింది, ఆ రిసెప్షన్‌లో అమ్మాయి, అవును, నాకు తెలుసు. … ఒక్క ట్రయలే. … ఒక్కసారి ఎత్తి దించాక వారంలో మెల్లగా మార్చేస్తావు. ఎవరికీ తెలియదు.

చంటీ, ఆ ఒక్కసారికి పలక మూల నువ్వు పట్టుకుంటావా?

… అడుగుతున్నా అంతే. నువ్వు ఒక మూల, మీ బావ ఇంకో మూల. మీ ఇద్దరూ నా కోసం ఏమైనా చేస్తారు కదా.

…

ఆ. మళ్ళీ ఆర్డరు సంగతే. అదే అనుకున్నా.

అత్తయ్యా, ఇంకొంచెం వెయ్యనా? … చాలా? … మీరేంటండీ, కంచంలో చెయ్యి పెట్టకుండా కూర్చున్నారు? చల్లారిపోతుంది.

… ఏంటి? … గట్టిగా చెప్పండి. నాకు కాదు, అందరికీ. … వాడూ వింటాడు, ఫోను ఇటు తిప్పుతున్నా. … వినపడలేదటండీ. సరే, నేను చెబుతా.

విను. ఇవి మీ బావ మాటలు, ఒక్క ముక్క కలపను. రిపోర్టులో మూడూ పాయింటు నాలుగు కొట్టేసి ఒకటీ పాయింటు ఎనిమిది అని రాస్తారట, దాని కింద సంతకం పెడతారట. ఏడు పాయింట్లు తీసేశారని రాస్తారట. … ఏమండీ, అది కూడానా? … ఆ సంగతి తనకి గురువారమే తెలుసని, తెలిసి మూడు రోజులు ఊరుకున్నానని కూడా రాస్తారట, తేదీతో సహా. రేపు ట్రయల్ లేదు. … కాదురా, నిన్ను అడగడం లేదు. చెబుతున్నారు.

… ఉద్యోగం సంగతి ఏంటని అడుగుతున్నాడండీ. … నీ ఇష్టమట. రేపు నువ్వు ఏ కాగితం చేతిలో పెట్టినా తీసుకుని వస్తారట.

… అత్తయ్య ఏమన్నారా? … ఆవిడ కూర గిన్నె అందుకున్నారు. కొడుకు కంచంలో కూర వేశారు, అంతే.

… ఏడుస్తున్నావా? … జలుబా. సరే, జలుబే.

చిన్నది అడుగుతోంది, మామయ్య ఇంక మనింటికి రాడా అని. … నన్నడిగితే ఏం చెప్పను? దాన్నిస్తా, నువ్వే చెప్పు. … ఇవ్వొద్దా? … మరి నన్నేం చెప్పమంటావు? … "వస్తా" అను. అను చాలు. అంకె తప్పు చెప్పావు కానీ ఇది తప్పు చెప్పకు. … ఊఁ. వస్తాడటే. ఎప్పుడో చెప్పలేదు.

ఏంటండీ? … చెయ్యి కడుక్కున్నారా అప్పుడే? తినలేదుగా. … సరే. సరే, ఇస్తా.

చంటీ, ఫోను అడుగుతున్నారు. … నీతో మాట్లాడ్డానికి కాదు. ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్‌కి చేస్తారట, ఇప్పుడే, ఆయన రేపటికి మనుషుల్ని పిలవకముందే. … ఒక్క గంట ఆగమంటున్నావా? … ఏమండీ, ఒక్క గంట ఆగమంటున్నాడు.

… ఆగరట.

పెట్టెయ్యి. … పెట్టెయ్యరా చంటీ, నువ్వే పెట్టెయ్యి. … నా చేత పెట్టించకు.

… సరే. నేనే పెడుతున్నా—